మైకు చవకైంది, గది చవక కాలేదు: గొంతు రికార్డింగ్ వెనక నూట పాతికేళ్ళ కథ

ఈ మధ్య ఎపిసోడ్ల కింద ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "అన్నా, పాటలు పాడి రికార్డ్ చేసుకోవాలి. తక్కువ ధరలో మంచి స్టూడియో మైకు ఏదో చెప్పు" అని. కొంతమంది ఇంకో మాట కూడా కలుపుతున్నారు. "ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులన్నా, చూసి చెప్పు" అని.

ఆ రెండో మాట కోసమే ఈ ఎపిసోడ్. ఒక మోడల్ పేరు చెప్పేసి రెండు నిమిషాల్లో ముగించొచ్చు. కానీ ఆరు నెలలకి ఇంకో మోడల్ వస్తుంది, నేను చెప్పింది పాతదైపోతుంది. అందుకని నేను మైకుల చరిత్ర చెప్తాను. చరిత్ర అనగానే వీడియో ముందుకి జరిపేయకండి. ఇవాళ షాపులో దొరికే ప్రతి రకం మైకూ ఎప్పుడో, ఎవరికో వచ్చిన ఒక ఇబ్బందికి జవాబుగా పుట్టింది. ఎవరి ఇబ్బందికి ఏది పుట్టిందో తెలిస్తే, మీ ఇబ్బందికి ఏది కావాలో మీకే తెలిసిపోతుంది.

అసలు మైకే లేని రోజుల నుంచి మొదలుపెడదాం. 1902 నవంబర్, కలకత్తా. గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డిస్టు, గౌహర్ జాన్ అనే పేరుమోసిన గాయని గొంతు రికార్డ్ చేశాడు. అక్కడ గొంతుని పట్టింది ఒక పెద్ద కొమ్ము. ఆ కొమ్ము మూతిలోకి పాడాలి. ఆ చప్పుడుకి అవతలి చివర ఉన్న పలచటి పొర అదురుతుంది. ఆ పొరకి తగిలించిన సూది, తిరుగుతున్న మైనం పలక మీద గీత గీస్తుంది. మధ్యలో శబ్దాన్ని పెంచే యంత్రం ఏదీ లేదు. పాడేవాళ్ళ ఊపిరి బలమే ఆ సూదిని కదపాలి.

అంటే ఏంటి? మెల్లగా పాడితే గీత సరిగా పడదు. మరీ గట్టిగా పాడితే సూది గీత దాటేస్తుంది. అందుకే పైస్థాయి స్వరం వచ్చినప్పుడు పాడేవాళ్ళు కొంచెం వెనక్కి జరగాలి. పైగా రికార్డు నిడివి మూడు నిమిషాల లెక్కే. పాట చివర గౌహర్ జాన్ తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకుంటుంది. ఈ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి, అక్కడివాళ్ళకి ఏది ఎవరి పాటో తెలియాలి కదా. ఆ రికార్డులు ఇప్పటికీ నెట్‌లో దొరుకుతాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గొంతు మొత్తం తెరిచి పాడటం వినిపిస్తుంది. గుసగుస అనేదే లేదు.

మన దగ్గర కూడా అప్పట్లో అంతే. పద్యనాటకం గుర్తు తెచ్చుకోండి. చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి రాగం చేరాలి. చేరకపోతే ఆ నటుడికి పేరు లేదు. గొంతు ఎంత తియ్యగా ఉందన్నది తర్వాత, ముందు ఎంత దూరం వెళ్తుందన్నదే లెక్క. నెమ్మదైన గొంతు ఉన్నవాళ్ళకి ఆ లోకంలో చోటు తక్కువ. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే మైకు మార్చింది సరిగ్గా దీన్నే.

మైకు మొదట పాట కోసం పుట్టలేదు, టెలిఫోన్ కోసం పుట్టింది. 1870లలో ఎమిల్ బెర్లినర్, ఎడిసన్, లండన్‌లో డేవిడ్ హ్యూస్ లాంటివాళ్ళు దాదాపు ఒకే సమయంలో దీని మీద పని చేశారు. వాళ్ళ చేతుల్లో తయారైంది కార్బన్ మైకు. గొంతు తగిలినప్పుడు కార్బన్ నలుగుతుంది, దాంట్లోంచి పోయే కరెంటు హెచ్చుతగ్గులవుతుంది. ఫోన్లో మాట్లాడటానికి అది చాలు. పాటకి మాత్రం చాలదు, ఎప్పుడూ బుసబుస. ఆ తర్వాత 1916లో, అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజనీరు ఈ.సి. వెంటె కండెన్సర్ మైకు తయారు చేశాడు. ఒక పలచటి పొర, దాని వెనకాలే ఒక లోహపు పలక, రెండిటి మధ్యా కరెంటు ఛార్జ్. పొర అదిరితే మధ్య ఖాళీ మారుతుంది, ఆ మార్పే సిగ్నల్. పొర చాలా తేలిక కాబట్టి చిన్న చిన్న శబ్దాలు కూడా పట్టేస్తుంది. ఇవాళ "స్టూడియో మైకు" అని మీరు షాపులో చూసే లావుపాటి మైకులకి తాతగారు అదే.

1925లో రికార్డు కంపెనీలు కొమ్ముని వదిలి మైకుకి మారాయి. అప్పుడు జరిగింది చూడండి. అమెరికాలో బింగ్ క్రాస్బీ లాంటి గాయకులు చెవి పక్కన చెప్తున్నట్టు పాడటం మొదలుపెట్టారు. దానికి క్రూనింగ్ అని పేరు. కొంతమంది పెద్దలకి ఒళ్ళు మండింది. బోస్టన్ కార్డినల్ ఓకానెల్ 1932లో ఆ పద్ధతిని బహిరంగంగా తిట్టిపోశాడు. అరవకుండా పాడటం కూడా తప్పే అన్నమాట ఆ రోజుల్లో!

అదే 1932లో మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది. ఆ తొలి రోజుల్లో కెమెరా తిరుగుతుంటే నటీనటులే పాడాలి. మైకు ఫ్రేములో కనపడకూడదు, అంటే దూరంగా పెట్టాలి. దూరంగా పెడితే మళ్ళీ గట్టిగా పాడాలి. మైకు వచ్చింది కానీ ఇబ్బంది తీరలేదు. 1935లో కలకత్తాలో న్యూ థియేటర్స్ వాళ్ళు 'భాగ్యచక్ర' అనే బెంగాలీ సినిమాకి పాటల్ని ముందే రికార్డ్ చేసి, తర్వాత షూటింగ్‌లో పెదవులు కదిపించారు. అదే ప్లేబ్యాక్. మనం ప్లేబ్యాక్ అంటే ఒకరి గొంతు ఇంకొకరికి పెట్టడం అనుకుంటాం. నా ఉద్దేశంలో అంతకంటే పెద్ద మార్పు ఇంకోటి ఉంది. గొంతుకి ఒక ప్రశాంతమైన గది దొరికింది. కెమెరా చప్పుడు లేదు, జనం లేరు, మైకు దగ్గరగా ఉంది.

ఆ గదిలోంచే కొత్త గొంతులు వచ్చాయి. మద్రాసులో సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన లలిత గీతాలు వినండి. 1955లో వచ్చిన 'మిస్సమ్మ'లో ఏ.ఎం. రాజా గొంతు వినండి. ఆ మెత్తదనం నాటకం స్టేజీ మీద మూడో వరస కూడా దాటదు. మైకు, నిశ్శబ్దమైన గది, రెండూ కలిస్తేనే ఆ పాట ఉంది. ఏ ఒక్కటి తీసేసినా లేదు.

ఇప్పుడు మైకుల కుటుంబాల దగ్గరికి వద్దాం. ముఖ్యంగా మూడు.

ఒకటి కండెన్సర్. బెర్లిన్‌లో గేయోర్గ్ నాయ్‌మన్ 1928లో కంపెనీ పెట్టి, పెద్ద సంఖ్యలో కండెన్సర్ మైకులు తయారు చేసి అమ్మాడు. ఆ మొదటి మోడల్ సీసా ఆకారంలో ఉండేది. 1949లో యు 47 వచ్చింది. ఫ్రాంక్ సినాట్రా పాడింది దాంతోనే, లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో బీటిల్స్ గొంతులు పట్టింది కూడా ఆ కుటుంబం మైకులే. 1967లో ట్రాన్సిస్టర్‌తో యు 87 వచ్చింది. అది ఇప్పటికీ పెద్ద స్టూడియోల్లో కనిపిస్తుంది. ధర లక్షల్లో ఉంటుంది.

రెండు, రిబ్బన్. అయస్కాంతం మధ్యలో వేలాడే పలచటి అల్యూమినియం పట్టీ. 1930ల్లో ఆర్‌సీఏ కంపెనీ రిబ్బన్ మైకులు రేడియో స్టేషన్లని ఏలాయి. శబ్దం మెత్తగా ఉంటుంది, కానీ పట్టీ సుకుమారం. గట్టిగా ఊదితే పాడైపోతుంది. మన బడ్జెట్ కథలో దీనికి పెద్ద పాత్ర లేదు.

మూడు, డైనమిక్. పొరకి ఒక తీగచుట్ట అంటించి ఉంటుంది, అది అయస్కాంతంలో కదులుతుంది. స్పీకర్‌ని తిరగేసినట్టు అనుకోండి. గట్టిది, బయటి నుంచి కరెంటు అక్కర్లేదు. షూర్ కంపెనీ 1966లో ఎస్ఎం 58 తెచ్చింది. రాజకీయ సభల్లో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ ఫెస్టుల్లో మీరు చూసే బంతి తల మైకు ఆకారం అదే. ఒక సరదా విషయం చెప్పనా? ఎస్ఎం అంటే 'స్టూడియో మైక్రోఫోన్'. స్టేజీ మైకు అని మనం పక్కన పెట్టేసేది స్టూడియో కోసం పుట్టింది!

ఇంకోటి చెప్తాను. మైకెల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఆల్బమ్, 1982. ఇంజనీరు బ్రూస్ స్వీడియన్ దగ్గర ఎంత ఖరీదైన కండెన్సర్లయినా ఉన్నాయి. అయినా ఆ ఆల్బమ్‌లో జాక్సన్ లీడ్ వోకల్స్‌కి ఎక్కువగా వాడింది షూర్ ఎస్ఎం 7 అనే డైనమిక్ మైకు. అంటే "కండెన్సర్ అయితేనే స్టూడియో" అనే మాట స్టూడియోలవాళ్ళే ఒప్పుకోలేదు.

మధ్యలో ఒక చిన్న ప్రశ్న. ఆడియో ఇంటర్ఫేస్ మీద 48 వోల్టులు అని ఒక బటన్ ఉంటుంది చూశారా? కండెన్సర్‌కి కరెంటు కావాలి కాబట్టి ఆ బటన్. మరి సరిగ్గా 48 ఎందుకు? 1966లో నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియోకి ట్రాన్సిస్టర్ మైకులు ఇవ్వబోయింది. మైకుకి విడిగా కరెంటు పెట్టె వద్దు, కేబుల్లోనే కరెంటు రావాలని రేడియోవాళ్ళు అడిగారు. వాళ్ళ స్టూడియోల్లో ఎమర్జెన్సీ లైట్ల కోసం అప్పటికే 48 వోల్టుల సరఫరా ఉంది. సరే, అదే వాడేద్దాం అన్నారు. నార్వేలో కరెంటు పోతే వెలిగే దీపాల లెక్క ఇవాళ అమీర్‌పేట హాస్టల్లో మీ టేబుల్ మీద ఉంది.

ఇక ధర ఎక్కడ పడిపోయిందో చూద్దాం. రెండు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు 1962. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఇద్దరు కుర్రాళ్ళు, ఒకరు జర్మనీ నుంచి వచ్చిన గెర్హార్డ్ సెస్లర్, ఇంకొకరు నల్లజాతి శాస్త్రవేత్త జేమ్స్ వెస్ట్. కండెన్సర్ మైకుకి ఎప్పుడూ బయటి నుంచి ఛార్జ్ ఇస్తూ ఉండాలి కదా, ఆ ఛార్జ్‌ని టెఫ్లాన్ పొరలోనే శాశ్వతంగా నిలబెట్టేస్తే? అలా పుట్టింది ఫాయిల్ ఎలెక్ట్రెట్ మైకు. కందిగింజంత సైజులో, అతి చవగ్గా చేయొచ్చు. టేప్ రికార్డర్లు, ఫోన్లు, కాలర్ మైకులు, అన్నిట్లోకీ అదే వెళ్ళింది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న స్మార్ట్‌ఫోన్లో దాని తర్వాతి తరం ఉంది, సిలికాన్ చిప్ మీద చెక్కిన బుల్లి మైకు. లక్షల ఖరీదైన మైకుకీ మీ ఫోన్ మైకుకీ మూల సూత్రం ఒకటే అంటే నమ్మబుద్ధి కాదు, కానీ నిజం.

రెండో మెట్టు 1990లు. ఆస్ట్రేలియాలో సిడ్నీకి చెందిన పీటర్ ఫ్రీడ్‌మన్ చైనాలో తయారైన పెద్ద పొర కండెన్సర్ మైకుని తెచ్చి, దాన్ని బాగుచేసి అమ్మి చూశాడు. జనం ఎగబడ్డారు. అదే రోడ్ కంపెనీకి పునాది. అప్పుడే ఇళ్ళల్లో కంప్యూటర్ మీద రికార్డింగ్ మొదలవుతోంది. చైనా ఫ్యాక్టరీలు ఊపందుకున్నాయి, జపాన్ ఆడియో టెక్నికా లాంటి పాత కంపెనీలు కూడా తక్కువ ధర మోడళ్ళు తెచ్చాయి. ఒకప్పుడు రేడియో స్టేషన్లు మాత్రమే కొనగలిగిన రకం మైకు కాలేజీ కుర్రాడి చేతికి వచ్చింది. ఇవాళ పల్లె నుంచి ఒక అమ్మాయి జానపదం పాడి యూట్యూబ్‌లో పెట్టగలుగుతోందంటే ఈ రెండు మెట్లే కారణం. స్టూడియో గేటు దగ్గర ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఈ కథలో ఒకటి మాత్రం చవక కాలేదు. గది.

ఆ లక్షల మైకులు ఏ గదుల కోసం పుట్టాయి? బయటి చప్పుడు లోపలికి రాని, గోడలు గొంతుని తిరిగి కొట్టని గదుల కోసం. మైకు చవకై మన ఇంటికి వచ్చింది. గది మాత్రం అక్కడే ఉండిపోయింది. మన గదిలో నాలుగు పక్కలా నున్నటి గోడలు, కింద టైల్స్, పైన ఫ్యాన్, కింద వీధిలో ఆటో, పక్కింట్లో కుక్కర్ విజిల్. కండెన్సర్ ఇవన్నీ శ్రద్ధగా వింటుంది. అది దాని తప్పు కాదు, వినడమే దాని పని.

లెక్క చూడండి. ప్రతి మైకుకీ సెల్ఫ్ నాయిస్ అని ఒక అంకె ఉంటుంది, అంటే మైకు సొంత బుసబుస. తక్కువ ఉంటే మంచిది. రోడ్ ఎన్‌టీ1-ఏ కి అది 5 డెసిబెల్స్. అంతకంటే చవకైన ఆడియో టెక్నికా ఏటీ2020కి 20. కాగితం మీద చాలా తేడా. కానీ ఫ్యాన్ తిరుగుతున్న గదిలో చప్పుడు 40 డెసిబెల్స్ దాటడం మామూలు విషయం. 40 ఉన్న చోట 5కీ 20కీ తేడా ఎవరికి వినపడుతుంది? ఆ తేడా కోసం మీరు పెట్టిన అదనపు డబ్బుని ఫ్యాన్ తినేసింది. ఈ ఎపిసోడ్ మాట్లాడుతున్నప్పుడు నా గదిలో ఫ్యాన్ ఆపేసి ఉంది, చొక్కా తడిసిపోయింది. వేరే దారి లేదు.

ఇక్కడ ఒక అపోహ కూడా తీర్చేయాలి. "డైనమిక్ మైకు బయటి చప్పుడు వినదు" అంటుంటారు. అది సగమే నిజం. రెండు మైకుల్నీ ఒకే దూరంలో పెట్టి, వాల్యూమ్ సమానం చేసి వినండి, గది చప్పుడు రెండిట్లోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. మరి డైనమిక్ ఎందుకు గెలుస్తుంది? దాన్ని నోటికి ఆనించినంత దగ్గరగా వాడతాం కాబట్టి. దూరం సగం చేస్తే మీ గొంతు మైకుకి 6 డెసిబెల్స్ ఎక్కువగా అందుతుంది, గది చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. అంటే అసలు మందు దూరం తగ్గించడం. 1930ల్లో కెమెరాకి కనపడకుండా దూరంగా పెట్టిన మైకుతో ఇబ్బంది పడింది కూడా ఈ దూరం వల్లే.

సరే, ఇప్పుడు కొనడం సంగతి. నా లెక్క ఇది.

ముందు ఏమీ కొనకండి. ఇవాళ రాత్రి మీ ఫోన్లో మీ గదిని అర నిమిషం రికార్డ్ చేయండి, ఏమీ మాట్లాడకుండా. తర్వాత ఒక్క చప్పట్టు కొట్టండి. ఇయర్‌ఫోన్స్‌లో వినండి. చప్పట్టు తర్వాత 'ట్రింగ్' మని సాగుతోందా? గోడలు తిరిగి కొడుతున్నాయి. మీ వీపు వెనక రెండు మందపాటి బొంతలు వేలాడదీయండి. మైకు వెనక కాదు, మీ వెనక. ఎందుకంటే మైకు చూసేది మీ వైపు, మీ వెనక గోడ వైపు. మళ్ళీ చప్పట్టు కొట్టి వినండి. తేడా మీకే తెలుస్తుంది, ఖర్చు సున్నా.

బొంతలు కట్టినా, ఫ్యాన్ ఆపినా రోడ్డు చప్పుడు, రూమ్మేట్ల మాటలు ఆగవు అనుకోండి. హాస్టల్, పీజీ, రోడ్డు పక్క ఇల్లు. అప్పుడు డైనమిక్ తీసుకోండి. ఎస్ఎం 58 లాంటిది, లేదా అదే పద్ధతిలో తక్కువ ధరలో నమ్మకమైన కంపెనీది. నోటికి బెత్తెడు దూరంలో పెట్టి పాడండి. ఎస్ఎం 58కి నకిలీలు చాలా తిరుగుతున్నాయి. మరీ చవగ్గా కనిపిస్తే అనుమానించండి, బిల్లు, వారంటీ లేకుండా తీసుకోకండి. ఎస్ఎం 7 రకం పెద్ద డైనమిక్ మీద మోజు పడేముందు ఒకటి తెలుసుకోండి. దాని సిగ్నల్ చాలా బలహీనం, చవక ఇంటర్ఫేస్ దాన్ని సరిగా పెంచలేదు. ఆ మైకు ధరకి ఇంకో పరికరం ధర కలుస్తుంది.

రాత్రి పదింటి తర్వాతైనా గది నిశ్శబ్దంగా ఉంటుంది అనుకుంటే కండెన్సర్ తీసుకోవచ్చు, ఏటీ2020 స్థాయిది చాలు. జానెడు దూరం, ముందు పాప్ ఫిల్టర్. కుట్టు ఫ్రేముకి పలచటి సాక్స్ గుడ్డ బిగించినా పని జరుగుతుంది. వెయ్యి, పదిహేను వందలకి 'బీఎం 800' లాంటి పేర్లతో లావుగా, మెరుస్తూ కనిపించే మైకులుంటాయి. చాలావాటి లోపల ఉండేది చిన్న ఎలెక్ట్రెట్ ముక్కే. అదీ పనికొస్తుంది, కానీ ఆకారం చూసి స్టూడియో అనుకోకండి.

ల్యాప్‌టాప్‌కో ఫోన్‌కో నేరుగా పెట్టాలి, ఇంటర్ఫేస్ కొనే స్తోమత లేదంటే యూఎస్‌బీ మైకు తీసుకోండి. తప్పేం లేదు. తర్వాత మీ సెటప్ పెరిగితే పాత మైకుని ఇంటర్ఫేస్‌కి పెట్టలేరు, అంతే తేడా. మీ దగ్గరున్న మొత్తం డబ్బుని మైకు మీదే పెట్టేయకండి. సగం మైకుకి, మిగతా సగం స్టాండ్, కేబుల్, చెవి మూసే హెడ్‌ఫోన్స్, గది కోసం ఉంచండి. స్టాండ్ లేకుండా మైకు చేత్తో పట్టుకుని పాడితే చేతి కదలిక మొత్తం రికార్డ్ అవుతుంది.

నాటకం రోజుల్లో నెమ్మదైన గొంతు ఉన్నవాళ్ళు ఎంతమంది పాడకుండానే ఉండిపోయారో మనకి ఎవరూ రాసి పెట్టలేదు. మీకు ఆ ఇబ్బంది లేదు. మీ గొంతు చిన్నదైనా, మెత్తనిదైనా పట్టే మైకు మీ జేబుకి అందే ధరలో ఉంది. గదిని మాత్రం మీరే తయారు చేసుకోవాలి, దాన్ని ఎవరూ డెలివరీ చేయరు.

కాబట్టి ఈసారి కామెంట్లో మైకు పేరు అడగకండి. మీ గది ఎలా ఉందో రాయండి. ఎంత సైజు, కిటికీ ఎటు, చప్పట్టు కొడితే ఏం వినిపించింది. చదివి నాకు తోచింది చెప్తాను.